కంకరను ఎవరూ కొలవలేదు

జూన్ 3, సోమవారం

పెద్దసారు పిలిచి చిట్టెం రోడ్డు ఫైలు నా చేతిలో పెట్టారు. ఉక్కు కొలిమిలో మిగిలే చిట్టెం ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉండేది. ఇక మీదట దాన్ని కంకర బదులు రోడ్ల కింద పరుస్తారట. వాగు పక్కన ఒక ముక్క రోడ్డు ఇప్పటికే వేసి చూశారు. దానివల్ల నేలకు, నీటికి, గాలికి ఎంత ఖర్చో నేను తేల్చాలి. వానలు ముదిరేలోగా రిపోర్టు కావాలన్నారు.

తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచారు. "మంచి పదార్థమేనమ్మా. ఊరికే భూతద్దం పెట్టి వెతక్కు."

ఆయన చెప్పనక్కర్లేదు. ఈ రోడ్డు గెలవాలని మా ల్యాబులో నాకంటే ఎక్కువగా కోరుకునే మనిషి లేదు. చిట్టెం గెలిస్తే కొండను తవ్వే పని ఉండదు. కొండ తవ్వకపోతే క్రషర్ ఆగుతుంది. క్రషర్ ఆగితే తమ్ముడు ఆ దుమ్ములోంచి బయటపడతాడు.

నాన్న బయటపడలేదు. ఆ సంగతి ఇక్కడ రాయను.

జూన్ 5

అన్నాల దగ్గర గొడవ. నేను నోరు జారి చిట్టెం రోడ్డు గురించి చెప్పాను. తమ్ముడు చెయ్యి కంచంలోనే ఆపేశాడు.

"అంటే, మా క్వారీ మూయించే పని నీకిచ్చారన్నమాట."

"మూయించడానికి కాదురా. కొలవడానికి."

"నువ్వు కొలిస్తే మా ఇంటి పొయ్యిలో పిల్లి పడుకుంటుందక్కా. ఆ మాట కూడా రాసుకో."

"ఇంకో పని దొరకదా ఏంటి?"

"దొరుకుతుంది. నన్ను కలెక్టర్ని చేస్తామని ఇందాకే కబురొచ్చింది." గట్టిగా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. చాలాసేపు దగ్గాడు. మరదలు నీళ్ళ గ్లాసు అందిస్తూ నా వైపు చూసింది. "వదినా, కంచం ముందు ఈ మాటలెందుకండీ" అంది.

కుండలో నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి. అందుకే దగ్గు.

జూన్ 11

రోడ్డు చూసి వచ్చాను. నిజంగా బాగుంది. ఎక్కడా గుంట లేదు, లారీలు తిరిగినా కుంగలేదు. అంచున కూర్చుని అరచేత్తో నిమిరాను కూడా. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవారు.

పక్కన కాలవ ఉంది. రోడ్డు కింద నుంచి ఊరే నీళ్ళు అందులోకి దిగి, కాస్త దూరం పోయి వాగులో కలుస్తాయి. కాలవలో రాళ్ళకు తెల్లగా పెచ్చు కట్టింది, గోడకు సున్నం కొట్టినట్టు. సీసాల్లో నీళ్ళు పడుతుంటే గట్టు మీద నుంచి ఒకామె కేకేసింది. అక్కడ బాతులు పెంచుకుంటుంది. వయసు యాభై దాటి ఉంటుంది, గొంతు మాత్రం ఊరంతటికీ వినిపిస్తుంది.

"సీసాలావిడా! అవి తాగడానికా, చూసుకోడానికా?"

"పరీక్ష చెయ్యడానికమ్మా."

"అయితే నా బాతుల్ని కూడా పరీక్ష చెయ్యి. రోడ్డేసిన దగ్గర్నుంచి నీళ్ళల్లోకి దిగనంటున్నాయి. బాతు నీళ్ళకి భయపడ్డం ఎక్కడన్నా విన్నావా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. ఒక బాతును చంకలో ఇరికించుకొచ్చి కాళ్ళు చూపించింది. వేళ్ళ మధ్య పొర ఎర్రగా ఉబ్బి, అంచుల్లో తోలు ఊడి వేలాడుతోంది.

పీహెచ్ మీటరు పన్నెండు చూపించింది. ఏడు దగ్గరుంటే మామూలు నీళ్ళు. పన్నెండంటే సున్నపుతేట.

జూన్ 12

మీటరు పాడై ఉంటుంది.

జూన్ 13

మీటరు బాగానే ఉంది. మూడు రకాల ద్రావణాల్లో ముంచి చూశాను.

కాలవ మీద కల్వర్టు కొత్తగా కట్టారు. సిమెంటులోంచి సున్నం దిగుతూ ఉండాలి. కొత్త సిమెంటుకు అది మామూలే. ఇంత చిన్న విషయం మొన్ననే తట్టాల్సింది.

జూన్ 17

కల్వర్టుకు ఎగువన కూడా నీళ్ళు పట్టి చూశాను. అక్కడా పన్నెండే.

జూన్ 19

కొలిమిలోంచి వచ్చిన చిట్టెంలో సున్నం పచ్చిగా ఉంటుంది. ఏడాది పాటు ఆరుబయట పోసి, వానకు తడిపి, ఎండకు ఎండబెట్టి మాగనిస్తే ఆ వేడి చస్తుంది. అప్పుడు రోడ్డుకు పనికొస్తుంది. కాంట్రాక్టరుకు ఫోన్ చేసి ఎన్నాళ్ళు మాగబెట్టారని అడిగాను.

"మాగబెట్టడానికి అదేమన్నా మామిడికాయా మేడమ్? లారీ వచ్చింది, దింపించాం, పరిచాం. ఏడాది పెట్టుకోడానికి నాకు స్థలమేదీ?"

అంటే తప్పు చిట్టెంది కాదు, తొందరది. ఇది మంచి వార్తే. రేపటి నుంచి మాగబెట్టి వాడితే చాలు. ఈ ఒక్క ముక్క రోడ్డును చూసి మొత్తం పదార్థాన్ని కాదనడం న్యాయం కాదు.

జూన్ 22, శనివారం

తమ్ముడు పనికి వెళ్ళాక మరదలు నా గదికి వచ్చింది. చీరల అడుగున దాచిన ఎక్స్‌రే తెచ్చింది.

"నేను చూపించానని ఆయనతో అనకండి వదినా. డాక్టరు దుమ్ములో పని మానెయ్యమన్నాడు. ఈయన సరే సరే అని బుద్ధిగా తలూపి, అట్నుంచి అటే షిఫ్టుకెళ్ళిపోయాడు."

కిటికీకి ఎదురుగా పట్టి చూశాను. పై భాగమంతా చిన్న చిన్న తెల్ల చుక్కలు, పిండి చల్లినట్టు. ఇలాంటిది ఇంతకుముందు ఒకసారి చూశాను. అప్పుడు దాన్ని పట్టుకున్నది అమ్మ. నాకు ఎత్తు అందక, అమ్మ మోచేతి కింద నుంచి చూశాను.

"మీరు ఆ రోడ్డు పాస్ చేయించెయ్యండి వదినా. క్వారీ మూతపడితే పడనివ్వండి. కూలికెళ్ళో, ఇళ్ళల్లో పని చేసో నేను సంసారం లాగుతాను. మనిషి మిగలాలి కదా!"

సరే అన్నాను. గట్టిగానే అన్నాను.

జూన్ 25

నిన్నంతా కుండపోత. ఇవాళ వాన జోరు తగ్గక ముందే బండి తీయించుకుని కాలవ దగ్గరికి వెళ్ళాను. అంచుల దాకా పారుతోంది. సీసాలు నింపుకొచ్చాను. ఎనిమిదిన్నర.

ఎప్పుడు నీళ్ళు పట్టాలో నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. వానాకాలంలో వాన నీళ్ళే ఉంటాయి. ఇదే అసలైన లెక్క. ఎండినప్పుడు పట్టినవి తొలి ప్రయత్నాలుగా పక్కన పెట్టాను.

దారిలో పండ్లు కొన్నాను. మరదలు ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

జూన్ 28

వాన. పని బాగా సాగుతోంది.

జూలై 2

పని బాగా సాగుతోంది. కొండకు మిగిలే రాయి, పేలుడు మందు, లారీ డీజిలు, పొగ అన్నీ లెక్క వేశాను. ఏ కాలమ్‌లో చూసినా చిట్టెమే పైన ఉంది. లెక్కకు హద్దు ఎక్కడ గీయాలన్నది మా ఇష్టమే. రోడ్డు అంచు దగ్గర గీశాను. కాలవ నీటిపారుదల వాళ్ళది, వాగు ఇంకెవరిదో. అన్నీ నెత్తినేసుకుంటే ఏ రిపోర్టూ పూర్తి కాదు.

పెద్దసారు చూసి "శభాష్" అన్నారు.

జూలై 4

వాన లేదు.

జూలై 5

వాన లేదు. ఎండ మండుతోంది. కాలవ వైపు వెళ్ళాల్సిన పనేమీ లేదు.

జూలై 9, మంగళవారం

మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చి, గేటు దగ్గర ఎవరో బాతును పట్టుకుని కూర్చున్నారని, చచ్చిన బాతును లోపలికి రానిచ్చేది లేదని చెప్పాడు. నేనే బయటికి వెళ్ళాను.

బాతులామె గోడ నీడలో సంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది. రెండు బస్సులు మారి వచ్చిందట.

"సీసాలావిడంటే ఎవ్వరికీ తెలీలేదమ్మా. నీ పేరేమో నేనడగలేదు. అందరూ నన్ను వింతగా చూశారు."

సంచి తెరిచింది. నేను బాతును చూడలేదు, ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో తోలు లేచి, కణుపుల దగ్గర పగిలి, పచ్చిగా ఉన్నాయి.

"ఇవేంటి?"

"బట్టలుతుకుతాను కదా అక్కడే. వాన తగ్గిన దగ్గర్నుంచి మంటలు. ఎంత తోమినా జిగటగా జారుతున్నాయి చేతులు, సబ్బు లేకుండానే. మొదట్లో సబ్బు ఖర్చు తప్పిందనుకున్నాలే." నవ్వింది. తర్వాత సూటిగా అడిగింది. "నీళ్ళు పట్టుకెళ్ళావు కదా, ఏముంది అందులో? ఒక్క ముక్క చెప్పు. వాడుకోవచ్చా, వద్దా?"

"రిపోర్టు ఇంకా రాలేదమ్మా" అన్నాను.

"ఇంకా ఉడకలేదా? సరే." లేచి సంచి భుజాన వేసుకుంది. "అంత చెడ్డవైతే నువ్వు ఈపాటికి చెప్పేదానివేగా. చెప్పలేదంటే ఫరవాలేదన్నట్టే. ఈ బాతుకి ఇంకేదో రోగం అయ్యుంటుంది."

గేటు దాటి వెళ్ళిపోయింది. నేను లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆ పూట ఏం పని చేశానో గుర్తులేదు.

జూలై 10

పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాను. ఆమె అప్పుడే బట్టల మూట దించుతోంది.

"ఆ నీళ్ళు ముట్టుకోవద్దు. తాగొద్దు, ఉతకొద్దు, బాతుల్ని దింపొద్దు. నాకు నెల కిందటే తెలుసు."

ఆమె మూట మీద చెయ్యి ఆనించింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నిన్న గేటు దగ్గర కూడా తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"మరి నిన్నెందుకు చెప్పలేదు?"

తమ్ముడి సంగతి నోటి దాకా వచ్చింది. ఆమె బాతులకూ మా తమ్ముడికీ ఏం సంబంధం?  ఆమె మూట మళ్ళీ నెత్తికెత్తుకుంది. మంచినీళ్ళ బోరింగు చాలా దూరం. గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళింది, నా వైపు చూడకుండా.

ఖాళీ సీసాలు ఉంటే మళ్ళీ నీళ్ళు పట్టుకొచ్చాను. పన్నెండు దాటింది.

జూలై 14, ఆదివారం

రిపోర్టు మొదటి నుంచీ తిరగరాశాను. ఎండలో పట్టినవీ వానలో పట్టినవీ పక్కపక్కన పెట్టాను. హద్దును వాగు దాకా జరిపాను. బాతుల కాళ్ళు, ఆమె చేతులు కూడా చేర్చాను. చివర మూడు మాటలు రాశాను: చిట్టేన్ని ఏడాది మాగబెట్టకుండా వాడకూడదు. నీటి పక్కన వాడకూడదు. దీన్ని కంకరతో పోల్చేటప్పుడు కంకర దుమ్మునూ కొలిచి పోల్చాలి, ఎందుకంటే దాన్ని ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

మూడోది మాత్రం కొట్టివేత లేకుండా ఒక్కసారికే రాశాను.

మరదలు కాఫీ పెట్టి వెళ్ళింది. "పాసయిపోతుంది కదా వదినా?" అంది. ఏడాది మాగబెడితే పాసే అన్నాను. అది అబద్ధం కాదు.

జూలై 16

పెద్దసారు రిపోర్టు మొత్తం చదివారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కోప్పడలేదు. ఆయన చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

"మొన్న చూపించింది ఇది కాదు కదమ్మా."

"కాదు సార్. అది తప్పు."

"నీటి సంగతి ఒప్పుకుంటాను, పంపిద్దాం. ఈ మూడోది మాత్రం తీసెయ్యి. మనల్ని అడిగింది చిట్టెం గురించి."

"కంకరకీ ఖర్చుంది కదా సార్. అది కాలవలో కాదు, మనుషుల ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఒకదాన్ని కొలిచి రెండోదాన్ని కొలవకపోతే పోలికెలా అవుతుంది?"

"చిట్టెం కొత్త కోడలు. అణకువా అదీ రుజువు చేసుకోమంటాం. కంకర ముసలి అత్తగారు. ఆవిణ్ణి ఎవరమ్మా అడిగేది?"

"అడగాలి సార్."

"అడిగితే ఉన్న రోడ్లన్నీ లేచి కూర్చుంటాయి" అన్నారు. తీసెయ్యమని మళ్ళీ చెప్పలేదు. నేనూ తీయలేదు.

జూలై 25

చిట్టెం రోడ్డు మీద కమిటీ కూర్చుంది. నన్ను లోపలికి పిలిచారు. నీళ్ళ లెక్కలు చూపించేసరికి ఎదురుగా ఉన్నాయన ముందున్న గ్లాసు కొంచెం దూరంగా జరిపాడు. అంతా తలలూపారు. చాలా మంచి పరిశోధన అన్నారు. మాగబెట్టే సంగతి చెప్పాను. "ఏడాదా?" అన్నారొకరు. "రోడ్డు ఈ చలికాలానికి ప్రారంభం కావాలి" అన్నారు ఇంకొకరు. కంకర దుమ్ము గురించి నోరు తెరిచేలోగా టీ వచ్చింది. టీ అయ్యాక నా వంతు అయిపోయిందన్నారు.

సాయంత్రానికి నిర్ణయం బయటికొచ్చింది. పర్యావరణ కారణాల దృష్ట్యా చిట్టెం రద్దు. మొత్తం రోడ్డు కంకరతోనే. వాగు పక్క ముక్కను తవ్వి తీయడం ఖర్చు కాబట్టి అలాగే ఉంచుతారు. అక్కడివాళ్ళకు వారానికి రెండుసార్లు ట్యాంకరు నీళ్ళు పంపుతారు.

మూడో మాట నిర్ణయంలో లేదు. వద్దని కూడా లేదు. అసలు రాయనట్టే ఉంది.

జూలై 26

మరదలితో ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాను. ఆమె గిన్నెలు తోముతోంది. తోముతూనే ఉంది.

"మీరు మొదట బాగానే రాశారు కదా వదినా."

ఆ మాట తనకెలా తెలుసు? నేనే చెప్పి ఉంటాను, పెద్దసారు శభాష్ అన్న రోజు.

జూలై 30

మరదలు నాతో మామూలుగానే మాట్లాడుతోంది. అవసరమైనంత వరకు.

ఆగస్టు 3, శనివారం

మధ్యాహ్నం తమ్ముడు వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం, నెత్తి నిండా బూడిద రంగు దుమ్ము. వచ్చీ రావడంతోనే నన్ను రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పబోయి, ఆయాసం వచ్చి సగంలో దించేశాడు.

"రోడ్డు మొత్తం మా క్వారీకే వచ్చిందక్కా! రెండో క్రషర్ దింపుతున్నారు. దానికి మేస్త్రీ ఎవరనుకున్నావు?" తన గుండె మీద చరుచుకున్నాడు. చొక్కాలోంచి దుమ్ము లేచింది.

"నువ్వేనా?"

"నేనే! నీ పుణ్యమే. మా ఓనరు అందరి ముందూ అన్నాడు, మీ అక్క రాసిన కాగితం వల్లే ఇదంతా, ఆమెని తీసుకురా, దండేసి దండం పెడతానని. నేనేమో నిన్ను ఆ రోజు అన్నం దగ్గర నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు. నువ్వు కొలుస్తానంటే మూయిస్తావనుకున్నాను. మూర్ఖుణ్ణి."

మిఠాయి ముక్క నా నోట్లో పెట్టాడు. నోట్లో ఉంచుకున్నాను. మరదలు గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఇద్దరినీ చూస్తోంది. "నువ్వూ తిను, మేస్త్రీ పెళ్ళానివి" అని ఆమె వైపు తిరిగాడు. తర్వాత దగ్గు. గోడ పట్టుకుని వంగిపోయేంత దగ్గు. అయ్యాక కళ్ళు తుడుచుకుని, "సంతోషం ఎక్కువైంది" అన్నాడు.

ఆగస్టు 7

ఎవరూ అడగకపోతే నేనే కొలుస్తాను. ల్యాబులో గాలిని పీల్చే చిన్న పంపు ఉంది. నడుముకు కట్టుకుంటే మనిషి పీల్చే గాలినే పీల్చి, దుమ్మును ఒక చిన్న వడపోత బిళ్ళ మీద పట్టి పెడుతుంది. తమ్ముణ్ణి అడిగాను.

"ఇదేంటి, నాకు తాయెత్తా?"

"అలాగే అనుకో. ఒక్క షిఫ్టు కట్టుకో."

"నువ్వు కట్టుకోమంటే గుదిబండైనా కట్టుకుంటాను, ఇప్పుడు నువ్వు మా దేవతవి" అని నవ్వుతూ నడుముకు బిగించుకున్నాడు.

ఆగస్టు 8

వడపోత బిళ్ళ తెల్లగా వెళ్ళింది. ఏనుగు తోలు రంగులో వచ్చింది.

ఆగస్టు 12, సోమవారం

వాడు పీల్చే గాలిలో దుమ్ము ఉండదగినదానికి తొమ్మిది రెట్లు. మీటరును అనుమానించలేదు. ఈసారి ఒక్కసారి కూడా అనుమానించలేదు.

పెద్దసారుకు చూపించాను. ఒకే మనిషి, ఒకే షిఫ్టు, పైగా సొంత తమ్ముడు, దీన్ని ఎవరు ఒప్పుకుంటారమ్మా అన్నారు. నిజమే. ఇంకో ఇరవై మంది కావాలి. క్వారీ లోపలికి అనుమతి కావాలి. దండేస్తానన్న ఓనరును అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. ఎక్స్‌రే చూశానని కూడా చెప్పాను. వాడు భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"తొమ్మిది రెట్లా?" అన్నాడు.

"తొమ్మిది."

"నాన్నకి ఎంత ఉండేది?"

"ఎవరు కొలిచారురా అప్పుడు?"

తల గోక్కున్నాడు. గోళ్ళలోంచి దుమ్ము రాలింది. "మేస్త్రీనయ్యాను కదా. ఇక మిషన్ పక్కనే నిలబడక్కర్లేదు. కాస్త దూరం నుంచి చూసుకుంటే చాలు" అన్నాడు. ఎంత దూరమని నేను అడగలేదు. వాడి గొంతు విన్నాను. కల్వర్టు సిమెంటు గురించి రాసుకున్నప్పుడు నా గొంతు కూడా అలాగే ఉండి ఉంటుంది.

ఆగస్టు 14

సాయంత్రం బజారంతా తిరిగి అసలైన దుమ్ము మాస్కు తెచ్చాను, రెండు పక్కలా బిళ్ళలున్నది. ఏనుగు తొండంలా ఉందని నవ్వాడు. ఇది పెట్టుకుంటే కూలీలకు కేకలెలా వేస్తానన్నాడు. మరదలు నవ్వలేదు. ఆ నవ్వు ఆగేదాకా ఎదురుగా నిలబడింది. చివరికి "సరే, పెట్టుకుంటాలే" అన్నాడు.

ఆగస్టు 16

పొద్దున మరదలే దగ్గరుండి వాడికి మాస్కు తొడిగింది. వెనక పట్టీలు బిగించి, బుగ్గల మీద వేళ్ళతో నొక్కి సందుల్లేకుండా చూసింది. వాడు చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. నేను పై గది కిటికీలోంచి చూస్తున్నాను.

మెట్లు దిగి, వెనక్కి తిరిగి మాకిద్దరికీ చెయ్యి ఊపాడు. మరదలు తృప్తిగా లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు.

సందు మలుపులో క్వారీ వ్యాన్ ఆగి ఉంది. లోపల కూర్చున్నవాళ్ళు కొత్త మేస్త్రీని చూసి ఈలలు వేశారు. వాడు వ్యాన్ కంటే నాలుగడుగుల ముందే ఆగి, తల వెనక్కి చేతులు పెట్టి, పట్టీలు విప్పి, మాస్కును మడిచి అన్నం సంచిలో దోపుకుని ఎక్కాడు.

మరదలు కింద నుంచి అడిగింది, "వెళ్ళారా వదినా?"

వెళ్ళాడన్నాను.